పనివాని పక్షాన: వరాహగిరి వెంకటగిరి జీవితం

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టకు చేరువన బార్కస్ అనే పేట ఉన్నది. ఆ పేరు అరబ్బీ కాదు, ఉర్దూ కాదు, తెలుగు అంతకంటె కాదు. సైనికుల వసతిగృహాలకు ఇంగ్లీషువారు పెట్టిన బ్యారక్సు అనే మాటయే జనుల నోట నలిగి బార్కస్ అయినది. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతంనుండి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికులకు అక్కడ నివాసాలు ఏర్పడినవి. తండ్రి సిపాయి అయితే కొడుకూ సిపాయి. వేరొక వృత్తిని గురించి ఆలోచించవలసిన అవసరం ఆ ఇండ్లలో తరతరాలుగా కలుగలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. నిజాంయొక్క అక్రమబలగాలు రద్దయినవి. కొందరు అరబ్బులు తమ పూర్వుల దేశానికి తరలిపోయినారు. ఉండిపోయినవారు పెరళ్లలో జామతోటలు వేసుకొని, చిన్నచిన్న వ్యాపారాలు పెట్టుకొని బ్రదుకు వెళ్లదీసినారు. బార్కస్ జామపండుకు నేటికీ నగరంలో మంచి పేరున్నది. కాని ప్రతి ఇంటికీ తోట ఉండదు గదా! తుపాకీ తప్ప మరొక పనిముట్టు పట్టి ఎరుగని ఇంటి కుర్రవానికి పని ఎవరు నేర్పాలి?

పాతబస్తీలో ఈ ప్రశ్నకు పాత సమాధానం ఒకటి ఉండేది. అది ఉస్తాదు, శాగిర్దుల పద్ధతి. లాడ్‌బజారులో లక్కగాజులు చేసే ఇంటనో, వెండిరేకును సుత్తితో కొట్టి వరఖు తీసే దుకాణంలోనో, జరీపని చేసే మగ్గం ప్రక్కనో పిల్లవానిని కూర్చుండబెట్టేవారు. మొదట ఊడ్చటం, నీళ్లు తేవటం, పొయ్యి ఊదటం. పిమ్మట ఉస్తాదు దయ కలిగిననాడు పని. ఎన్నేండ్లకు పని పూర్తిగా వచ్చినట్టో చెప్పే కాగితం లేదు, ఎంత కూలి ఇవ్వాలో చెప్పే చట్టం లేదు. మంచి ఉస్తాదు దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు పదేండ్లు పొయ్యి ఊదినవాడే. పల్లెలలో కమ్మరి కొలిమి దగ్గరా, వడ్రంగి దూలం దగ్గరా జరిగినది కూడ ఇంతకంటె భిన్నమైనది కాదు. అక్కడ కులమే బడి, తండ్రియే పంతులు. ఈ వ్యవహారంలో ప్రభుత్వానికి ఏమైనా పాత్ర ఉన్నదా అని అడిగేవారే అరుదు.

ఆ ప్రశ్న ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖ బల్లమీదికి వచ్చి నిర్ణయం కోరిన కాలంలో ఆ శాఖకు అధిపతిగా ఉన్నవాడు ఒక తెలుగువాడు. ఆయన వరాహగిరి వెంకటగిరి. గిరిగారు రాష్ట్రపతిగా పాఠ్యపుస్తకాలకు ఎక్కినారు. ఆ పదవి ఆయన జీవితంలో అయిదేండ్లు మాత్రమే. మిగిలిన జీవితంలో ఎక్కువభాగం పనివాని చుట్టూ తిరిగినది.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించినారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు, ప్రజాకార్యాలలో తిరిగిన వ్యక్తి. తల్లి సుభద్రమ్మగారు. స్థానికమైన ఖల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట, 1913లో న్యాయశాస్త్రం చదువుటకై కుమారుని ఐర్లండుకు పంపినారు. ఇంగ్లండుకు పోయి బారిష్టరై వచ్చుట ఆనాటి శ్రీమంతుల ఇండ్లలో ఆచారమైయుండగా ఈయన డబ్లిను నగరానికి పోవుట ఒక విశేషం. ఆ విశేషమే ఆయన జీవితపు దారిని మలచినది.

ఆయన చేరిన ఏడాదిలోనే డబ్లినులో చరిత్రకెక్కిన లాకవుటు జరిగినది. సంఘంలో చేరిన పనివారిని యజమానులు పనిలోనుండి నెట్టివేసినారు. దాదాపు ఇరువదివేలమంది కార్మికులు నెలల తరబడి ఆకలితో నిలిచినారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ వారికి నాయకులు. న్యాయశాస్త్రపు పుటలలో ఒడంబడిక అనే మాటకు అర్థం నేర్చుకొంటున్న విద్యార్థికి, ఆకలిగొన్నవాడు కడుపునిండినవానితో చేసుకొనే ఒడంబడిక ఎట్టిదో వీధిలో కానవచ్చినది. ఐరిష్ జాతీయవాదులతో ఆయనకు పరిచయాలు ఏర్పడినవి. విశ్వవిద్యాలయ కళాశాలలో సాహిత్యం బోధించిన థామస్ మక్‌డోనా ఆయన గురువులలో ఒకడు. 1916 వసంతకాలంలో ఈస్టరు తిరుగుబాటు లేచినది, అణగినది. మక్‌డోనాను, కానలీని బ్రిటిషు ప్రభుత్వం కాల్చి చంపినది. తిరుగుబాటుదారులతో స్నేహం కలవాడను అనుమానంపై గిరిగారికి దేశం విడిచిపొమ్మని ఉత్తరువు వచ్చినది. అప్పటికే న్యాయవాది పట్టం చేతికి అందియుండుటవలన ఆ సంవత్సరమే ఇంటికి మరలినారు.

బరంపురంలో వకాలతు ఆరంభించినారు. రాబడి బాగుండినది. సహాయనిరాకరణ పిలుపు రాగానే దానిని వదలినారు, కొలదికాలం చెరసాల చూచినారు. ఇంతవరకు ఆనాటి దేశభక్తులు పలువురి కథ ఇదే. గిరిగారి కథ వేరుగా సాగుట ఖరగపూరులో ఆరంభమైనది.

కలకత్తానుండి వాల్తేరువరకు సముద్రతీరాన సాగిన బెంగాల్ నాగపూరు రైల్వేకు ఖరగపూరు గుండెకాయ వంటిది. అక్కడి కర్మాగారంలో ఇంజన్లను విప్పి బాగుచేసేవారు, బండిపెట్టెలను కట్టేవారు. ఆ కర్మాగారానికి గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుండి తెలుగువారు వేలకొలది తరలిపోయినారు. ఖరగపూరు నేటికీ బెంగాలు గడ్డమీద తెలుగు వినవచ్చే పట్టణం. పొలం లేక, కరవుకు తాళలేక రైలెక్కిన రైతుకూలీ అక్కడ ఖలాసీగా చేరేవాడు. బరువులెత్తేవాడు, చక్రాలు దొర్లించేవాడు, ఫిట్టరు ప్రక్కన నిలచి పనిముట్లు అందించేవాడు. ఇరువది ఏండ్లు అట్లు అందించిన పిమ్మట ఫిట్టరు పని అతనికి కన్నులు మూసుకొని వచ్చేది. కాని ఫిట్టరు జీతం వచ్చేది కాదు. ఎందుకనగా పని వచ్చుట వేరు, పని వచ్చునని ఒప్పించే కాగితం వేరు. కాగితం దొరికే దారి అప్రెంటిసు స్థానం. ఆ స్థానాలలో మెరుగైనవి, పర్యవేక్షకుని కుర్చీవరకు కొనిపోయేవి, చాలవరకు ఐరోపీయులకు, ఆంగ్లో ఇండియనులకు దక్కేవి. కర్మాగారంలో మనిషి ఎంత ఎత్తుకు పోవచ్చునో అతని చేతినైపుణ్యంకంటె ముందు అతని పుట్టుక తేల్చేది. మన పల్లెకొలిమిలో కులం చేసిన పనిని అక్కడ రంగు చేసినదన్నమాట.

గిరిగారు ఆ కర్మాగారపు పనివారిని సంఘంగా కూర్చుటలో పూనిక వహించినారు. అఖిలభారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యకు ఆది నిర్మాతలలో ఆయన ఒకరు. దానికి చాలకాలం ప్రధానకార్యదర్శిగా పనిచేసినారు. 1927లో ఖరగపూరు కర్మాగారం ఒకమారు సమ్మెతోను, మరొకమారు లాకవుటుతోను అట్టుడికినది. రెండవమారు తగవునకు మూలం, పనివారి సంఖ్య తగ్గించాలని యాజమాన్యం చేసిన నిర్ణయం. నెలల తరబడి కొలిమి చల్లబడినది. పనివారు దౌర్జన్యానికి దిగకుండ నిలచి ఉండుట గిరిగారి పట్టుదల. యాజమాన్యంతో కూర్చుండి మాటాడవలెను, మాటాడుటకు కావలసిన బలం సంఘంనుండి రావలెను, ఈ రెండింటిలో ఏది లేకున్నా పనివాడు నష్టపోవునని ఆయన నమ్మకం. ఈ నమ్మకాన్ని ఆయన కడవరకు విడువలేదు. ఒకసారి దీనివలన కేంద్రంలో తోటివారికి ఇబ్బందికరమైన మంత్రిగా కూడ కనిపించినారు.

1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులైనారు. మరుసటి సంవత్సరం జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండనులోని రెండవ రౌండుటేబిలు సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా పోయినారు.

ఆ రోజులలో పని నేర్చే పిల్లలకు బ్రిటిషు ఇండియాలో చట్టం అనేదే లేకపోలేదు. 1850లో చేసిన అప్రెంటిసుల చట్టం ఒకటి ఉన్నది. దాని లక్ష్యం అనాథలు, ధర్మసంస్థలలో పెరిగే పేదపిల్లలు. పదేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవరకు వయసున్న పిల్లవానిని తండ్రియో సంరక్షకుడో పత్రం వ్రాసి యజమానికి ఒప్పగించవచ్చును. గడువు ఏడేండ్లకు మించరాదు. చూడగా అది పిల్లవానికి పని నేర్పే చట్టంకంటె పిల్లవానిని ఒకచోట కట్టివేసే చట్టంగానే కనిపిస్తుంది. తల్లిదండ్రులు అప్పుకు బదులుగా బిడ్డల కష్టాన్ని తాకట్టు పెట్టుట చెల్లదని వేరొక చట్టం చేయుటకు 1933వరకు ఆగవలసివచ్చినది. అప్పు తీరేవరకు పనిలో పెట్టిన బిడ్డను లోకం అప్రెంటిసు అనే పిలిచేది. గురువు ఇంట పని నేర్చుటకూ, షావుకారు ఇంట వెట్టి చేయుటకూ నడుమ గీత ఎక్కడ? తనిఖీ చేసే కన్ను లేనిచోట ఆ గీత చెరిగిపోవుట తప్పదు.

1937 ఎన్నికలలో గిరిగారు బొబ్బిలిలో బొబ్బిలిరాజాను ఓడించినారు. నాటి ప్రధాని, జమీందారు, జస్టిసు పార్టీకి మేటినాయకుడు అయిన రాజాగారిమీద, ఆయన సొంతగడ్డమీద, కార్మికసంఘపు మనిషి గెలుచుట ఆంధ్రదేశంలో పెద్ద సంచలనం. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు ఆయనకు వచ్చినవి. యుద్ధం రాగా 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా ఇచ్చినవి. క్విట్ ఇండియా రోజులలో ఆయన చెరసాలలో ఉన్నారు.

ఆయన చెరసాలలో ఉన్న ఆ కాలంలోనే, చిత్రంగా, దేశంలో చేతిపనుల శిక్షణకు ప్రభుత్వం మొదటిసారి పెద్దయెత్తున చేయి వేసినది. యుద్ధానికి తుపాకులు, వాహనాలు కావలెను. వాటికి టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు కావలెను. ఉస్తాదు పదేండ్లలో తీర్చే మనిషిని నెలలలో తీర్చవలసిన అవసరం వచ్చినది. 1940లో కార్మికశాఖ సాంకేతిక శిక్షణ పథకం ఆరంభించినది. 1942నుండి ఆ శాఖను వైస్రాయి కౌన్సిలులో అంబేడ్కరుగారు నడిపినారు. యుద్ధం ముగియగా, ఇండ్లకు మరలివచ్చే లక్షల సైనికులకు బ్రదుకుతెరువు చూపుటకై 1945 జూలైలో పునరావాస, ఉపాధి సంచాలక కార్యాలయం ఏర్పడినది. దానిక్రింద సైనికులకై శిక్షణకేంద్రాలు వెలసినవి. దేశవిభజన పిమ్మట అవే కేంద్రాలలో కాందిశీకులు పని నేర్చుకొన్నారు. 1950లో వాని తలుపులు సామాన్య యువకులందరికీ తెరచుకొన్నవి. నేడు ప్రతి జిల్లాలో ఐ.టి.ఐ. పేరుతో ఉన్న పారిశ్రామిక శిక్షణాలయానికి పుట్టుపూర్వోత్తరాలు ఇవి. తుపాకి దించిన సిపాయికి పనిముట్టు అందించుటకై పుట్టిన బడి అది. బార్కస్‌లోని సిపాయి ఇండ్ల కష్టం ఒక్క హైదరాబాదుదే కాదు, ఆనాడు దేశమంతటిదీ.

1946లో ప్రకాశంగారి మంత్రివర్గంలో మరల కార్మికశాఖ, 1947నుండి 1951వరకు సింహళంలో భారత ప్రతినిధి పదవి. అటుపిమ్మట 1952లో పాతపట్నంనుండి లోకసభకు ఎన్నికై గిరిగారు నెహ్రూగారి మంత్రివర్గంలో కేంద్ర కార్మికమంత్రి అయినారు. శిక్షణకేంద్రాలు, ఉపాధి కార్యాలయాలు అన్నీ అప్పటికి తాత్కాలికపు పందిళ్లే. యుద్ధావసరం తీరినది, కాందిశీకుల రద్దీ తగ్గినది. వీనిని ఎత్తివేయవలెనా, నిలుపవలెనా? నిలుపుటయే అయితే ఎవరి చేతిలో? ఆ సంవత్సరమే బి. శివరావుగారి అధ్యక్షతను ఒక సంఘాన్ని ఈ విషయం తేల్చుటకు నియమించినారు. 1954లో వచ్చిన వారి నివేదిక ఈ వ్యవస్థ శాశ్వతంగా ఉండవలెనని, దైనందిన పాలన రాష్ట్రాలకు అప్పగించి, విధానం, ప్రమాణాలు కేంద్రం చూడవలెనని సూచించినది.

ఇది కాగితాలమీది పంపకం వలె కనిపించవచ్చును. కాని ఖరగపూరు ఖలాసీని తలచుకొంటే దీని విలువ తెలుస్తుంది. శ్రీకాకుళంలో పరీక్ష నెగ్గిన ఫిట్టరును భిలాయిలో ఫిట్టరే అని ఒప్పుకొనవలెనంటే దేశమంతటికీ ఒకే కొలత ఉండవలెను. శ్రీకాకుళంలో ఏ పనికి గిరాకీ ఉన్నదో మాత్రం ఢిల్లీలో కూర్చున్నవానికి తెలియదు. కొలత ఒకరిది, నిర్వహణ మరొకరిది అనే ఈ ఏర్పాటు ఆ చిక్కును విప్పుటకు పుట్టినదే. 1956లో వృత్తిశిక్షణకు జాతీయమండలి ఏర్పడినది. ఆ సంవత్సరం నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజుననే, శిక్షణాలయాల పాలన రాష్ట్రాలకు బదిలీ అయినది. ఖర్చులో నూటికి అరువది వంతులు కేంద్రానివి, నలుబది రాష్ట్రానివి. 1969 ఏప్రిలునుండి ఆర్థికభారం కూడ రాష్ట్రాలదే అయినది. దానితో కొలత నిలచినది గాని, పాతబడిన లేతు యంత్రాలను మార్చుటకు డబ్బు ఎక్కడిదనే చిక్కు రాష్ట్రాల మెడకు చుట్టుకొన్నది. పని నేర్పే గురువులకే పని నేర్పుటకు మధ్యప్రాంతాలలోని కోనిలో 1948లో ఒక సంస్థ వెలసినది. తరువాతి కాలంలో హైదరాబాదు విద్యానగరులో కూడ అట్టి కేంద్ర సంస్థ ఏర్పడినది.

బదిలీ జరిగే నాటికి గిరిగారు మంత్రిగా లేరు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును కేంద్రప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా సవరించినది. తగవులను ట్రిబ్యునళ్లకు ఈడ్చుటకంటె ఉభయులూ కూర్చుండి తేల్చుకొనుటే మేలని ఆయన మొదటినుండి వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదం మంత్రివర్గంలో నెగ్గలేదు. పోనీ, ట్రిబ్యునలుకే పోయిన తరువాత దాని మాటనైనా ప్రభుత్వం మన్నించవద్దా? ఆగస్టులో ఆయన రాజీనామా ఇచ్చి బయటికి నడచినారు. పదవిని వదలుట గిరిగారికి క్రొత్త కాదు గాని, నెహ్రూగారి మంత్రివర్గంనుండి ఒక సిద్ధాంతంకోసం వైదొలగుట ఆ రోజులలో తేలికైన పని కాదు. ఆయన జీవితంలోని మిక్కిలి గౌరవప్రదమైన ఘట్టం ఇదే ననిపిస్తుంది, రాష్ట్రపతిభవనప్రవేశం కాదు.

1957 ఎన్నికలలో పార్వతీపురంలో స్వల్పమైన తేడాతో ఓడిపోయినారు. అటుపై ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరు.

ఆయన కేరళలో ఉండగా 1961లో పార్లమెంటు క్రొత్త అప్రెంటిసుల చట్టాన్ని చేసినది. 1850నాటి చట్టానికి బదులుగా ఇది 1962 మార్చిలో అమలులోకి వచ్చినది. అప్రెంటిసును చేర్చుకొనుట ఇక యజమాని దయాధర్మం కాదు. నిర్ణయించిన వృత్తులలో, పనివారి సంఖ్యనుబట్టి ఇంతమందిని చేర్చుకొని తీరవలెను. పదునాలుగేండ్లు నిండనివానిని చేర్చుకొనరాదు. ఒడంబడిక ప్రభుత్వం నియమించిన సలహాదారుచేత నమోదు కావలెను. నేర్చుకొనే కాలంలో భృతి ఇవ్వవలెను. కర్మాగారంలోకి వచ్చి శిక్షణ జరుగుచున్నదో లేదో చూచే అధికారం ఆ సలహాదారుకు ఉన్నది. ఉస్తాదు ముందు కూర్చున్న శాగిర్దు ప్రక్కకు మూడవ మనిషిగా ప్రభుత్వం వచ్చి నిలచినదన్నమాట.

కాని ఇదే చట్టంలో ఒక ముల్లు ఉన్నది. అప్రెంటిసు విద్యార్థివంటివాడేగాని పనివాడు కాడని చట్టం చెప్పినది. ప్రమాదాలనుండి, అనారోగ్యంనుండి రక్షణకు ఫ్యాక్టరీ చట్టపు నియమాలు అతనికి వర్తిస్తవి. కార్మికచట్టాలిచ్చే తక్కిన హక్కులు వర్తించవు. శిక్షణ ముగిసిన తరువాత ఉద్యోగం ఇవ్వవలెననే నిర్బంధం యజమానికి లేదు. లేతుమీద పని చేసి సరకు తీసేవాడు పనివాడు కాకపోవుట ఎట్లు? అతడు పనివాడే అన్నచో పూర్తి వేతనం భయానికి యజమాని అతనిని చేర్చుకొనడు. కాడన్నచో తక్కువ భృతికి దొరికే చేతులుగా వాడుకొంటాడు. ఖరగపూరు కాలంనుండి కార్మికసంఘాలను నడిపిన తరం ఈ రెండు అపాయాలను బాగుగా ఎరిగినదే. ఈ ముల్లు చట్టంనుండి నేటికీ పూర్తిగా ఊడిరాలేదు.

1967లో గిరిగారు ఉపరాష్ట్రపతి అయినారు. జాకిర్ హుస్సేనుగారి మరణానంతరం 1969లో కొలదికాలం తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, ఆ పదవి వదలి స్వతంత్రంగా పోటీచేసి, మరొక తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిగారిపై రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపులో నెగ్గినారు. కాంగ్రెసు రెండుగా చీలిన ఆ కథ అందరికీ తెలిసినదే. ఆ ఎన్నికపై వచ్చిన వ్యాజ్యంలో పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీముకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పుట అపూర్వం.

1973లో అప్రెంటిసుల చట్టానికి సవరణ వచ్చినది. ఇంజనీరింగు పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు కూడ దానిక్రిందికి వచ్చినారు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు శిక్షణస్థానాలు ప్రత్యేకించినారు. పుట్టుకనుబట్టి మూసుకొన్న తలుపును చట్టంతో తెరచే ఆ సవరణకు రాష్ట్రపతిగా ఆమోదముద్ర వేసినవారు గిరిగారు. మరుసటి సంవత్సరం మే నెలలో దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగినారు. ఇరువది రోజులు సాగిన ఆ సమ్మెను ప్రభుత్వం వేలకొలది అరెస్టులతో అణచినది. ఒకనాడు ఖరగపూరు సమ్మెను నడిపిన మనిషి పేరుమీదనే ఆనాడు ప్రభుత్వం నడుస్తూ ఉండినది. రాజ్యాంగం రాష్ట్రపతికి ఇచ్చిన పరిధి చిన్నది. అయినప్పటికీ ఆయన అభిమానులలో కొందరికి ఆ మౌనం మింగుడుపడలేదు. ఆ ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసినది. 1975లో భారతరత్న బిరుదు లభించినది.

రాష్ట్రపతిగా ఉండగానే 1970లో ఆయన నిరుద్యోగంపై ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించినారు. ప్రతి ఇల్లూ ఒక కుటీరపరిశ్రమ కావలెనని, నిరుద్యోగులను భూమిపనులలో సంఘటితపరచవలెనని ఆయన ఆశ. పెద్ద పరిశ్రమలు అందరికీ పని చూపలేవనే ఆందోళన అందులో కానవస్తుంది. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో గిరిగారు కన్నుమూసినారు. జాతీయ కార్మిక అధ్యయనసంస్థకు 1995లో ఆయన పేరు పెట్టినారు. ఆయన ఏలిన శాఖనుండి చేతిపనుల శిక్షణను 2015లో వేరుచేసి, నైపుణ్యాభివృద్ధికై ఏర్పడిన క్రొత్త మంత్రిత్వశాఖకు అప్పగించినారు.

ఆయన జీవితపు చివరి దశాబ్దంలో బార్కస్ యువకులు మరల సముద్రం దాటసాగినారు. తాతలు కత్తి పట్టుకొని వచ్చిన దిక్కుకే మనుమలు సౌదీ, కువైటు, ఎమిరేట్ల కొలువులకై విమానమెక్కినారు. వారిలో వెల్డరుగానో, ఎలక్ట్రీషియనుగానో, ఏసీ మెకానిక్కుగానో ప్రభుత్వపు ముద్ర ఉన్న సర్టిఫికెట్టు చేత పట్టుకొని పోయినవానికి ఒక జీతం. పని వచ్చి కూడ కాగితం లేనివానికి హెల్పరు జీతం.